మధుమేహం గలవారికి వచ్చే తీవ్ర వ్రణాలు: ఆలస్యం ఎందుకు ప్రమాదకరం



నేను వైద్యుడను కాను. నా చదువు మాధ్యమిక పాఠశాలతోనే ముగిసింది. అయినప్పటికీ మా పెద్దబావగారి ఆసుపత్రి మంచం ప్రక్కన నలభై రోజులు కూర్చున్నాను. ఆ రోజులలో శస్త్రవైద్యులను, నర్సులను అడిగి తెలుసుకొన్న సంగతులను, ఆ తరువాత చదివి గ్రహించిన విషయాలను ఇక్కడ వ్రాస్తున్నాను. మన మందిరానికి వచ్చే ఒక నర్సు ఈ వ్యాసాన్ని ముందుగా చదివి, నేను పొరబడిన రెండు చోట్ల దిద్దారు. తెలుగు నేర్చుకొనేవారి కోసం కొన్ని పదాల అర్థాలను దారిలోనే చెబుతూ వెళతాను.

ముందుగా వ్యాధి పేరు. క్రియోల్‌లో మనం దియాబెత్ అంటాము. తెలుగులో దీనికి మధుమేహం అని పేరు. మధు అంటే తేనె, మేహం అంటే మూత్రం. మూత్రంలో తీపి కనబడడం వలన ఆ పేరు వచ్చింది. వాడుకలో చక్కెర వ్యాధి అంటారు. చెరకు తోటల కోసం సముద్రం దాటి వచ్చినవారి మనుమలకు ఈ పేరుగల వ్యాధి రావడం ఏమిటని మా నాన్నగారు నవ్వేవారు. నిజానికి అది నవ్వవలసిన విషయం కాదు. 1987లో మారిషస్‌లో జరిగిన పెద్ద ఆరోగ్య సర్వే ఈ వ్యాధి ద్వీపమంతటా ఎంతగా వ్యాపించిందో బయటపెట్టి, ప్రపంచ వైద్యుల దృష్టిని మనవైపు త్రిప్పింది. ఇప్పుడు మన వయోజనులలో సుమారు 5 మందిలో 1కి మధుమేహం ఉన్నది. అంటే భజనకు వచ్చిన ప్రతి వరుసలోనూ ఒకరిద్దరు ఉంటారన్నమాట.

ఈ వ్యాధికీ పుండ్లకూ గల సంబంధం మన పూర్వులకు తెలియనిది కాదు. ఆయుర్వేద గ్రంథాలు ప్రమేహ రోగులకు లేచే గడ్డలను ప్రమేహపిడకలు అనే పేరుతో ప్రత్యేకంగా వర్ణించాయి. మెడమీదో వీపుమీదో అనేక నోళ్ళతో లేచే పెద్ద గడ్డను మన పెద్దలు రాచపుండు అనేవారు. మా నాయనమ్మ ఆ మాట పలికేటప్పుడు గొంతు తగ్గించేది.

ఇక అసలు విషయం. చర్మం క్రింద కొవ్వు, దాని క్రింద కండరాలను చుట్టి ఉండే తెల్లని పలుచని పొర, ఆ క్రింద కండరం, అన్నిటికంటె లోపల ఎముక ఉంటాయి. ఎముకను మినహాయించి మిగిలినవాటిని కలిపి మృదు కణజాలం అంటారు. సూక్ష్మజీవులు ఏ పొరలో ఉన్నాయన్నదానిని బట్టి జబ్బు తీవ్రత మారుతుంది. చర్మంలోనూ దాని క్రింది కొవ్వులోనూ ఉంటే ఎరుపు, వేడి, వాపు, నొప్పి కనబడతాయి. దీనిని సెల్యులైటిస్ అంటారు. చీము ఒకచోట గూడు కట్టుకొంటే గడ్డ. ఈ రెండూ సకాలంలో చూపించుకొంటే సాధారణంగా నయమవుతాయి. కాని సూక్ష్మజీవులు ఆ తెల్లని పొరను చేరినప్పుడు పరిస్థితి వేరు. వైద్యులు దానిని నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ అంటారు. తెలుగులో చెప్పాలంటే, పొరను పట్టి కుళ్ళించే వ్యాధి.

ఆ పొరకు సహజంగానే రక్తం తక్కువగా అందుతుంది. సూక్ష్మజీవులు విడిచే విషం వలన దానికి వెళ్ళే సన్నని రక్తనాళాలలో రక్తం గడ్డకట్టి, ఉన్న కొద్ది దారి కూడా మూసుకొనిపోతుంది. మందు రక్తంతోనే ప్రయాణం చేస్తుంది గదా! రక్తం చేరని చోటికి మందు కూడా చేరదు. పైన చర్మం దాదాపు బాగానే కనబడుతుండగా క్రింద కుళ్ళు ప్రాకుతూ పోతుంది. కోత ముగిసిన చెరకు పొలంలో ఎండిన ఆకు పరుపులా పడి ఉంటుంది. దాని అడుగున నిప్పు అంటుకొంటే పైన పొగ కొంచెమే కనబడుతుంది, మంట మాత్రం అవతలి గట్టున లేస్తుంది. శస్త్రవైద్యులు నాకు వివరించినప్పుడు నాకు తోచిన పోలిక ఇది. చిన్నతనంలో ఆ నిప్పును నేను చూచాను.

మధుమేహం గలవారికే ఇది ఎక్కువగా ఎందుకు రావాలి? రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులతో పోరాడవలసిన తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. ఏళ్ళు గడిచేకొద్దీ కాళ్ళకు రక్తం తీసికొనివెళ్ళే నాళాలు సన్నబడతాయి. అన్నిటికంటె మోసకరమైనది నరాల దెబ్బ. మొదట తిమ్మిరి, అంటే మొద్దుబారి జివ్వుమనడం. తరువాత ఆ జివ్వుమనడం కూడా ఉండదు. ముల్లు గుచ్చుకొన్నా, రాయి కోసినా, నేల కాలినా పాదానికి తెలియదు. చెమట పట్టడం తగ్గి మడమలు పగుళ్ళు తీస్తాయి, ఆ పగుళ్ళే సూక్ష్మజీవులకు వాకిళ్ళు. నొప్పి మనలను హెచ్చరించే కాపలాదారు. ఆ కాపలాదారు నిద్రపోయిన ఇల్లు మధుమేహ రోగి పాదం.

మా బావగారి సంగతి చెబుతాను. ఆయన ఇరవై ఏళ్ళుగా మధుమేహంతో ఉన్నారు. ఆ రాత్రి రామభజనం. దీపం చుట్టూ తాళాలతో తెల్లవారుజాము దాకా అడుగులు వేశారు. మరునాడు అరికాలిలో ఒక బొబ్బ కనబడింది. బొబ్బ అంటే చర్మం క్రింద నీరు చేరిన ఉబ్బు. మా అక్క పసుపు, కొబ్బరినూనె కలిపి పూసింది. రెండవ రోజు పాదం వాచింది. ఒక వైద్యుని వద్దకు వెళితే ఆయన మేజోడు తీయించకుండానే మాత్రలు వ్రాసి పంపించారు. “నొప్పి లేదురా, మాత్రలతో తగ్గిపోతుంది” అన్నారు బావగారు. “అయితే ఆదివారం పూజ కానిచ్చి పెద్దాసుపత్రికి వెళదాం బావగారూ” అని చెప్పినవాడను నేనే. అప్పటికి ఆదివారం రెండు రోజుల దూరంలో ఉన్నది. కమిటీలో ప్రసాదం బాధ్యత నాది.

శనివారం రాత్రికి ఎరుపు చీలమండ దాటి పైకి వచ్చింది. ఆయనకు చలి, వణుకు. మాటలు పొంతన లేకుండా పోయాయి. చనిపోయిన తన అన్నగారిని పిలవడం మొదలుపెట్టారు. పాదం నుండి దుర్వాసన వచ్చింది. ఇంట్లో చక్కెర పరీక్ష చేసే యంత్రం అంకె చూపించలేదు, “ఎక్కువ” అని మాత్రమే చూపింది. అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చాము. గంటన్నరలో శస్త్రచికిత్స గదిలో ఉన్నారు. మూడు శస్త్రచికిత్సల తరువాత ప్రాణం దక్కింది, ఎడమ కాలు మోకాలి క్రింద నుండి పోయింది. గురువారం వెళ్ళి ఉంటే కాలు దక్కేదా అని నేను శస్త్రవైద్యుని అడిగాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. “అవకాశం ఎక్కువగా ఉండేది” అన్నారు.

కాబట్టి లక్షణాలను శ్రద్ధగా చదవండి. ఎరుపు పుండు అంచు నుండి రెండు సెంటీమీటర్లకు మించి వ్యాపించినా, లోతుకు దిగినా అది చిన్న జబ్బు కాదు. దానితోపాటు శరీరమంతా స్పందించినట్లయితే, అనగా జ్వరం 38 డిగ్రీలు దాటినా, లేక ఒళ్ళు 36 కంటె చల్లబడినా, నాడి నిమిషానికి 90 దాటినా, ఊపిరి నిమిషానికి 20 సార్లకు మించినా, వీటిలో ఏ రెండు కలిసినా వైద్యులు దానిని తీవ్రమైనదిగా లెక్కిస్తారు. తెల్ల రక్తకణాల సంఖ్య కూడా ఈ లెక్కలోనే ఉన్నది, అయితే దానిని ఇంట్లో చూడలేము. జ్వరం లేదు గదా అని నిశ్చింతగా ఉండరాదు. వృద్ధులలో, చాలాకాలపు మధుమేహంలో జ్వరం రాకపోవచ్చును.

పొరను పట్టిన కుళ్ళుకు మరికొన్ని గుర్తులు ఉన్నాయి. పైకి కనబడేదానికి మించిన నొప్పి మొదటిది. నరాలు చచ్చినవారిలో ఆ నొప్పి ఉండకపోవచ్చునన్నది మా ఇంట్లో నేర్చుకొన్న పాఠం. చర్మం ఎరుపు నుండి ఊదా రంగుకు, నలుపుకు మారడం, నల్లని నీటితో బొబ్బలు లేవడం, వాపు చెక్కలా గట్టిపడడం, నొక్కితే చర్మం క్రింద గాలి ఉన్నట్లు చిటపటమనడం, కుళ్ళిన వాసన. వీటిలో ఒక్కటి కనబడినా తెల్లవారేదాకా ఆగరాదు. మారిషస్‌లో 114కు ఫోన్ చేస్తే సాము అంబులెన్సు వస్తుంది. అప్పుడు “కాలు వాచింది” అని మాత్రమే చెప్పకండి. “మధుమేహ రోగి, పాదంలో కుళ్ళు, జ్వరం, మాట తడబడుతున్నది” అని చెప్పండి. క్రియోల్‌లో చెప్పండి, ఫ్రెంచిలో చెప్పండి, కాని ఈ నాలుగు సంగతులూ చెప్పండి.

నర్సు నేర్పిన ఒక చిన్న ఉపాయం ఉన్నది. ఎరుపు అంచు చుట్టూ కలంతో గీత గీసి, ప్రక్కన గంట వ్రాయండి. ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఎరుపు గీత దాటితే, ఎంత వేగంగా ప్రాకుతున్నదో వైద్యునికి ఒక్క చూపులో తెలుస్తుంది. గీత గీసి ఇంట్లో కూర్చోవడానికి కాదు సుమా.

ఈ వ్యాధి పాదానికే పరిమితం కాదు. తొడ, పిరుదు, పొట్ట, ఇన్సులిన్ సూది వేసుకొనే చోటు, ఎక్కడైనా రావచ్చును. మర్మస్థానాల చుట్టూ వచ్చేదానికి ఫూర్నియే గాంగ్రెన్ అని పేరు. 1883లో దానిని వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు జాన్ ఆల్ఫ్రెద్ ఫూర్నియే పేరిట అది వచ్చింది. పురుషులలో ఎక్కువ, స్త్రీలలోనూ వస్తుంది. ఇక్కడ మన శత్రువు సిగ్గు. మన పెద్దవారు కొడుకుకు చెప్పరు, కోడలికి అసలే చెప్పరు, కూర్చోలేక నిలబడి భోజనం చేస్తూ కూడా “ఏమీ లేదు” అంటారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త మాత్రలు వాడేవారిలో ఇది అరుదుగా కనబడుతున్నదని అమెరికా ఔషధ సంస్థ 2018లో హెచ్చరిక చేసింది. ఆ మాత్రలు గుండెకు, మూత్రపిండాలకు మేలు చేసేవి, భయపడి వాటిని మానరాదు. కాని అక్కడ నొప్పి, వాపు, ఎరుపుతో జ్వరం వస్తే వెంటనే చూపించుకోవాలి, వాడుతున్న మందు పేరు చెప్పాలి.

ఆసుపత్రిలో ఏమి చేస్తారో తెలియక మనవారు సంతకం పెట్టడానికి జంకుతారు. మేమూ జంకాము. అందుచేత ఈ భాగాన్ని కొంచెం వివరంగా వ్రాస్తున్నాను. కుళ్ళిన పొరకు మందు చేరదని పైన చెప్పాను. కాబట్టి కోసి తీసివేయడమే ప్రధాన చికిత్స, మందులు దానికి తోడు. స్కానింగు కోసం గంటల తరబడి ఆగడం కూడా సరికాదు; అనుమానం బలంగా ఉంటే శస్త్రవైద్యుడు కోసి చూస్తాడు. ఆరోగ్యంగా ఉన్న చోట పొరలు గట్టిగా అతుక్కొని ఉంటాయి. కుళ్ళిన చోట వేలు పెడితే అడ్డు లేకుండా జారిపోతుంది, చీముకు బదులు పలుచని బూడిదరంగు నీరు వస్తుంది. రక్తం చిమ్మే మంచి కణజాలం కనబడేదాకా తీసివేస్తారు. గాయాన్ని కుట్టరు, తెరచియే ఉంచుతారు. 24 నుండి 48 గంటలలో మళ్ళీ లోపలికి తీసికొనివెళ్ళి మిగిలిన కుళ్ళు ఉన్నదేమో చూస్తారు. రెండవసారి పిలిచినప్పుడు మా అక్క “మొదటిసారి సరిగా చేయలేదా?” అని ఏడ్చింది. అది పొరపాటు కాదు, పద్ధతి.

అదే సమయంలో నరం ద్వారా సూక్ష్మజీవులను చంపే మందులు ఇస్తారు. ఇటువంటి వ్రణాలలో తరచుగా అనేక రకాల సూక్ష్మజీవులు కలిసి ఉంటాయి, కొన్ని గాలి లేనిచోట పెరిగేవి. కనుక మొదట విస్తృతంగా పనిచేసే మందులను కలిపి ప్రారంభించి, లోతు నుండి తీసిన కణజాలాన్ని పరీక్షించిన పిమ్మట మారుస్తారు. స్ట్రెప్టోకాకస్ విషం విడుస్తున్నదని అనుమానిస్తే, ఆ విషం తయారీని అణచడానికి క్లిండమైసిన్ చేరుస్తారు. సముద్రంలో పగడపు రాయి కోసుకొని వచ్చిన పుండైతే ఆ సంగతి తప్పక చెప్పాలి. ఉప్పునీటిలో బ్రతికే విబ్రియో అనే సూక్ష్మజీవికి మందుల ఎంపిక వేరుగా ఉంటుంది.

చక్కెర సంగతి. తీవ్రమైన జబ్బులో శరీరం విడుదల చేసే హార్మోనుల వలన ఏమీ తినకున్నా చక్కెర పెరుగుతుంది. “తినడం లేదు గదా” అని ఇన్సులిన్ మానివేయడం పెద్ద పొరపాటు, అలా మానినవారు వాంతులతో, ఆయాసంతో, నోట పండిన పండు వాసనతో ఆసుపత్రికి వస్తారు. ఆసుపత్రిలో మాత్రలు చాలావరకు ఆపి, ఇన్సులిన్‌తో చక్కెరను సాధారణంగా 7.8 నుండి 10 మిల్లీమోల్ మధ్య ఉంచడానికి ప్రయత్నిస్తారు. మరీ తగ్గించడం కూడా ప్రమాదమే.

ఆ తరువాత కాలికి రక్తం ఎంత అందుతున్నదో పరీక్షిస్తారు. అవసరమైతే మూసుకొన్న నాళాన్ని తెరుస్తారు, లేకుంటే ఎంత శుభ్రం చేసినా పుండు మానదు. ఎముకకు కూడా పట్టిందేమో చూస్తారు. పట్టిన ఎముకను తీసివేయనట్లయితే మందులు ఆరు వారాల వరకు వాడవలసి రావచ్చును. కాలు తీసివేయాలని చెప్పినప్పుడు “మరొకరిని అడిగి వస్తాము” అని ఇంటికి తీసికొనిపోయినవారు ఉన్నారు. అడగండి, తప్పు లేదు, కాని ఆసుపత్రిలోనే ఉండి అడగండి. పొర కుళ్ళే వ్యాధిలో చికిత్స అందినా ఐదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల అంతకంటె ఎక్కువమంది చనిపోతున్నారు. గంటలు లెక్కలోకి వస్తాయి.

పసుపు గురించి అడుగుతారని తెలుసు. వంటలో పసుపు మంచిదే, పూజలో పవిత్రమే. తెరచిన పుండుమీద వేసిన పసుపు, సున్నం, కాఫీపొడి, నూనె లోపలి రంగును కప్పివేస్తాయి, వైద్యుడు చూడవలసినది కనబడదు. వేడినీటిలో కాళ్ళు ముంచడం ఇంకా హానికరం. స్పర్శ లేని పాదం కాలినా తెలియదు. బొబ్బను సూదితో గుచ్చరాదు. ఆనెను, అనగా గట్టిపడిన చర్మాన్ని, బ్లేడుతో చెక్కరాదు. శుభ్రమైన నీటితో కడిగి, పొడి గుడ్డ చుట్టి, ఆ కాలిమీద నడవకుండా, అదే రోజు మనం దిస్పాన్సేర్ అని పిలిచే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. వైద్యుడు మేజోడు తీయమని అడగకపోతే మీరే తీసి చూపండి.

మందిరంలో చెప్పుల విషయమై మా కమిటీలో జరిగిన వాదన కూడా చెప్పవలసినదే. భజనలో, ప్రదక్షిణంలో మధుమేహ రోగులకు పాదరక్ష అనుమతించాలని నేను అడిగినప్పుడు ఒక పెద్దాయన లేచి “తాతల నాడు లేనిది ఇప్పుడెందుకు?” అన్నారు. తాతల నాడు ఈ జబ్బు ఇంతగా లేదు అన్నాను. రెండు సమావేశాలు పట్టింది. చివరకు, వీధిలో వాడనివి, మందిరానికే కేటాయించినవి, మెత్తని అడుగు గల గుడ్డ పాదరక్షలు వేసికొనవచ్చునని నిర్ణయించాము. ఎండకు కాలే ముంగిట చాప పరిచాము. ఆ పెద్దాయన ఇప్పుడు తాను కూడా అవే వేసికొంటున్నారు, కాని దాని గురించి మాట్లాడరు.

ఇంట్లో ప్రతి రాత్రి పాదాలు చూచుకోవాలి. వంగలేనివారు నేలమీద అద్దం పెట్టుకొని అరికాలు చూడవచ్చును, లేదా మనుమరాలిని చూడమనవచ్చును. వ్రేళ్ళ సందులు తడి లేకుండా తుడవాలి. సవాత్ వేసికొనే ముందు లోపల రాయి ఉన్నదేమో చేతితో తడిమి చూడాలి. సంవత్సరానికి ఒకసారైనా స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. సన్నని నైలాను దారంతో అరికాలిని తాకి, తెలిసిందా లేదా అని అడుగుతారు. నొప్పి లేని పరీక్ష, ఐదు నిమిషాల పని. బావగారికి రెండవ కాలికి ఆ పరీక్ష చేసినప్పుడు పదిసార్లు తాకితే ఆయనకు రెండుసార్లు తెలిసింది.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసి తీసికొనివెళ్ళండి. చక్కెర కొలతలు వ్రాసిన పుస్తకం, సరిపడని మందు ఉంటే దాని పేరు వ్రాసిన చీటీ, చివరిసారి భోజనం చేసిన గంట కూడా కావాలి. మత్తు ఇచ్చే వైద్యుడు మొదట అడిగేది అదే.